పదిహేనేళ్ల గొంతు

ఆదివారం.

మధ్యాహ్నం చిక్కుడుకాయల ఈనెలు తీస్తుండగా రేడియోలో ‘ఆప్ జైసా కోయీ’ వచ్చింది. పక్కనే లెక్కలు చేసుకుంటున్న మా అమ్మాయి తలెత్తి, పాడినామెకు అప్పుడు ఎన్నేళ్లని అడిగింది. ఇంచుమించు నీ ఈడేనని చెబితే ఒక పట్టాన నమ్మలేదు.

నాజియా హసన్ 1965లో కరాచీలో పుట్టి లండన్‌లో పెరిగింది. అక్కడే నటి జీనత్ అమాన్ ద్వారా హిందీ నటుడు, దర్శకుడు ఫిరోజ్ ఖాన్‌కు పరిచయమై, బెంగళూరు నుంచి వెళ్లి ఆ నగరంలో స్థిరపడిన సంగీత దర్శకుడు బిద్దు కట్టిన ఈ బాణీని ఆయన సినిమా ‘కుర్బానీ’ కోసం పాడింది. 1980లో సినిమా విడుదలయింది. మరుసటి ఏడు ఫిలింఫేర్ ఉత్తమ గాయని పురస్కారం పదిహేనేళ్ల ఆ బడిపిల్లకు దక్కింది.

ఆ గొంతు గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ఏళ్ల తరబడి సాధనతో నునుపుదేలిన గాత్రాలకు అలవాటుపడిన మన చెవులకు, కొద్దిగా ముక్కుతో పలుకుతూ, స్వరాన్ని ఊపే ఏ గమకాన్నీ ఆశ్రయించకుండా, తనలో తాను పాడుకుంటున్నట్టు వినిపించే ఆ పిల్ల స్వరం కొత్తగా తోచడంలో ఆశ్చర్యం లేదు. కింద డ్రమ్ములూ బేస్ గిటారూ ఒకే దరువును పట్టు విడవకుండా నడిపిస్తుంటే, ఆమె వాటితో పోటీపడదు. ఆ దరువు మీద అలా తేలిపోతుంది. ఒకే పంక్తిని రకరకాలుగా తిప్పి సంగతులు వేయగల గాయని పాడి ఉంటే ఆ తేలిక దక్కేది కాదని నా నమ్మకం.

1981లో తమ్ముడు జొహేబ్‌తో కలిసి చేసిన ‘డిస్కో దీవానే’కు సినిమా అండ లేదు. మన దగ్గర పాటంటే సినిమా పాటే అనుకునే ఆ రోజుల్లో, తెర మీద బొమ్మ లేకుండా ఒక ఆల్బమ్ భారత్-పాకిస్తాన్ సరిహద్దుకు రెండువైపులా జనాన్ని ఊగించడం చిన్న విషయం కాదు. అంత పేరు వచ్చాక కూడా ఆమె చదువు మానలేదు. లండన్‌లో న్యాయశాస్త్రం చదివింది, న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితిలో పనిచేసింది. నాకు ఆమె మీద గౌరవం రెట్టింపయింది ఇక్కడే. 1992లో వచ్చిన ‘కెమెరా కెమెరా’ తరువాత మరో ఆల్బమ్ చేయలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 2000 ఆగస్టు 13న లండన్‌లో కన్నుమూసింది. అప్పటికి 35 ఏళ్లు.

మా అమ్మాయి కాసేపు ఆలోచించి, “అంటే ఇప్పటి నీకంటే ఏడేళ్లు చిన్నదా అమ్మా?” అంది. అవునన్నట్టు తల ఊపి, కాయలను నీళ్లలో వేసుకుని పొయ్యి దగ్గరికి వెళ్లాను.