బోర్డర్ దాటితే పాస్‌పోర్ట్ తియ్యాలా?

మేం మెల్‌బోర్న్‌లో ఉంటాం, పిల్లలిద్దరూ అక్కడే పుట్టారు. 2025 ఏప్రిల్లో వాళ్ళకి రెండు వారాలు సెలవులొస్తే, ఎండలు మండిపోతాయని తెలిసి కూడా వైజాగ్ వచ్చేశాం. మొదటి వారం ఎప్పుడూ ఉండేదే, ఆర్కే బీచ్, కైలాసగిరి, చుట్టాలిళ్ళు, ప్రతి ఇంట్లోనూ "ఏం తల్లీ తెలుగు వచ్చా" అని అడగడం, మా పెద్దది వచ్చినంత చెప్పడం, అందరూ నవ్వడం. మా అన్నయ్య కొడుకైతే అది ఎలా అందో అచ్చం అలాగే అని చూపిస్తాడు. ముద్దుగానే అనుకోండి, కానీ పన్నెండేళ్ళ పిల్లకి ముద్దెక్కడ కనిపిస్తుంది, నాలుగో ఇంటికొచ్చేసరికి అది నోరు విప్పడం మానేసింది, ఏమడిగినా తలూపడమే.

రెండ్రోజులు ఎటైనా పోదాం అనుకున్నాం. అరకు ఇప్పటికే మూడుసార్లయింది. అప్పుడు అమ్మ అంది, ఒడిశాలో గోపాల్‌పూర్ వెళ్దామే, మా నాన్న బరంపురం ఖల్లికోట కాలేజీలో చదువుకున్నారు, నేను ఒక్కసారీ ఆ ఊరు చూళ్ళేదు అని. నిజమే కదా, మన వైజాగ్ వాళ్ళం పూరీ అంటే రాత్రి రైలెక్కేస్తాం, గంజాం జిల్లా మొత్తం నిద్రలోనే దాటేస్తాం, పక్కనే ఉన్న సముద్రం అది, కారులో ఐదు గంటలు.

ఇచ్ఛాపురం దాటాక బోర్డుల మీద అక్షరాలు మారిపోయాయి. వెనక సీట్లోంచి చిన్నోడు "పాస్‌పోర్ట్ తియ్యాలా?" అన్నాడు. వాడికి బోర్డరంటే ఎయిర్‌పోర్ట్‌లో క్యూ. అమ్మకి అదే సందు, 1936 దాకా అసలు ఈ గీతే లేదురా, గంజాం, విశాఖపట్నం జిల్లాలు రెండూ మద్రాసు కిందే, ఆ ఏడు ఏప్రిల్ 1న ఒరిస్సా విడిగా పెట్టారు, బరంపురం అటు పోయింది, ఇచ్ఛాపురం ఇటు ఉండిపోయింది, వి.వి.గిరి పుట్టింది కూడా బరంపురంలోనే అని మొదలెట్టింది. వి.వి.గిరి ఎవరో చెప్పడానికి ఇంకో పది కిలోమీటర్లు పట్టింది.

గోపాల్‌పూర్ చిన్న ఊరు. లైట్‌హౌసూ, ఒకప్పుడు రంగూన్ స్టీమర్లు ఎక్కిన పాత రేవు తాలూకు శిథిలాలూ, అంతే. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను తీరం దాటింది ఇక్కడే, మరుసటేడు అదే తారీఖున మనకి హుద్‌హుద్. హోటల్ అబ్బాయీ అమ్మా మా గాలి ఎక్కువంటే మా గాలి ఎక్కువని వాదించుకున్నారు, వచ్చీరాని హిందీలో.

పొద్దున్న ఐదున్నరకి బీచ్‌కి వెళ్తే పడవలు వస్తున్నాయి. వలలు దులుపుతున్నవాళ్ళు మాట్లాడేది తెలుగు! నోలియాలంటారు వీళ్ళని, అటు పూరీ దాకా ఉన్నారు, ఎన్నో తరాలుగా ఇళ్ళల్లో తెలుగే. మా పెద్దది బుట్ట దగ్గర నిలబడి నాకేసి చూసింది, నేను కావాలనే పలకలేదు. చివరికి అదే అడిగింది, "ఈ ఫిష్ పేరు ఏంటి అండీ?" అని. బుట్ట ముందు కూర్చున్న ముసలమ్మ నవ్వుతుందని నా గుండె గుప్పిట్లో పెట్టుకున్నాను, ఆవిడ తలైనా ఎత్తలేదు. "కవళ్ళమ్మా. ఆ సన్నటియి నెత్తళ్ళు. ఏ ఊరు మీది?" అంతే, ఆ యాసేంటని అడగలేదు. ఆవిడ తెలుగే మనకి సగం అర్థమవుతోంది, మధ్యమధ్యలో ఒడియా, మరి ఎవరి యాసని ఎవరు వెక్కిరిస్తారు.

ఆవిడ మనవరాలు కూడా ఇంచుమించు దీని ఈడే. బడి ఒడియాలో, ఇంట్లో తెలుగు, తెలుగు చదవడం రాయడం రాదు. "నాక్కూడా రాదు" అంది మాది, ఎంత సంతోషంగా అందో. తడి ఇసకలో ఆ పిల్ల వేలితో ఒడియాలో పేరు రాసింది, ఇది పక్కనే ఇంగ్లీషులో రాసింది, ఒకరిది ఒకరు చదవలేరు, చదివి వినిపించుకున్నది మాత్రం తెలుగులో. మెల్‌బోర్న్‌లో ఆదివారం తెలుగు క్లాసుకని రానూపోనూ నలభై నిమిషాలు డ్రైవ్ చేస్తాను నేను, మూడేళ్ళుగా "అ అమ్మ, ఆ ఆవు" దాటలేదు. ఇక్కడ ఇరవై నిమిషాల్లో ఎన్ని మాటలో.

రాత్రి రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి వెళ్ళాం. ఆ ఏడు ఫిబ్రవరిలో దాదాపు ఏడు లక్షల ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టాయక్కడ. మేం వెళ్ళింది సరిగ్గా పిల్లలు బయటికొచ్చే రోజుల్లో. అటవీ శాఖ వాళ్ళు వలతో కంచె కట్టారు, ఇవతల నుంచే చూడాలి, టార్చ్ వెయ్యకూడదు, సముద్రం అనుకుని వెలుతురు వైపు పోతాయట. అరచేతిలో సగం కూడా లేవు, నల్లగా, బుడిబుడిగా. వాళ్ళమ్మ ఏదీ అన్నాడు చిన్నోడు. గుడ్లు పెట్టిన రాత్రే వెళ్ళిపోతుంది నాన్నా, వీటికోసం మళ్ళీ రాదు. మరి వీటినెవరు పెంచుతారు? ఎవరూ పెంచరు. వాడు చాలాసేపు మాట్లాడలేదు. (ఆడ తాబేళ్ళు పెద్దయ్యాక పుట్టిన తీరానికే వచ్చి గుడ్లు పెడతాయి, ఎన్నారైల మీద పోలిక నోటిదాకా వచ్చింది, మింగేశాను, మా అసోసియేషన్ సావనీర్లో ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు.)

బరంపురంలో అప్పడాలు, పచ్చళ్ళు కొనుక్కుని వైజాగ్ వచ్చేశాం. ఆ రాత్రి అన్నయ్య వాళ్ళింట్లో చేపల పులుసు. ఇది "అమ్మమ్మా, ఇవి కవళ్ళా?" అంది. అన్నయ్య కొడుకు వెంటనే "ఖవల్లా" అని ముక్కుతో సాగదీశాడు. ఇది పళ్ళెంలోంచి తలెత్తి, దాని యాసలోనే, "కవళ్ళకీ నెత్తళ్ళకీ డిఫరెన్స్ చెప్పు నువ్వు" అంది. వైజాగ్ ఎంవీపీ కాలనీలో పుట్టి పెరిగిన వాడు వాళ్ళ నాన్న మొహం చూశాడు, అన్నయ్య నా మొహం చూశాడు.