నా రామకోటి బుద్ధి, వాళ్ల నాలుగక్షరాల పేరు

నిన్న హీబ్రూ చేతిరాత క్లాసులో నా పరువు పోయింది. రాసుకుంటే కాస్త తేలిక పడతానేమోనని కూర్చున్నాను.

మాది జగిత్యాల దగ్గర పల్లె. జెరూసలేంలో కేర్‌గివర్‌గా ఏడేళ్లు. నేను చూసుకునే సవ్తా, అంటే బామ్మ, ఇంటి గుమ్మానికి కుడివైపు మెజూజా ఉంటుంది. యూదులు గుమ్మానికి బిగించుకునే చిన్న డబ్బీ అది, అందులో చర్మం మీద చేత్తో రాసిన వాళ్ల పవిత్ర వాక్యాలు, 22 వరుసలు, 713 అక్షరాలు. ఒక్క అక్షరం చెడినా మొత్తం పనికిరాదట. అది విన్నప్పటి నుంచి ఆ రాత మీద మనసు పడింది. సవ్తాయే మంగళవారం సాయంత్రాలు రెండు గంటలు వదిలింది. నా సెలవు శనివారమే కానీ, ఆ రోజు వాళ్లు కలం ముట్టరు.

చేరడానికి వెళ్తే కౌంటర్‌లో అమ్మాయి నన్ను చూడగానే, "క్లీనింగ్ పనికా? వెనక గేటు" అంది. హీబ్రూలోనే ఫారం నింపి ఆమె ముందు పెట్టాను. ఇంట్లో పనిచేసేవాళ్లకు చదువు రాదనుకునే జబ్బు అన్ని దేశాల్లోనూ ఉంది. మీరెవరైనా వెళ్తే మెత్తగా మాట్లాడకండి. ఇంకోటి, నున్నటి కాగితం కొనకండి. షాపువాడు బాగుంటుందని అంటగట్టాడు, సిరా పాకి బొట్లు బొట్లయింది.

అక్షరాలు నాకు ముందే వచ్చు, కాబట్టి మొదటి నెల సులువుగానే గడిచింది. మనం అక్షరాన్ని గీత మీద కూర్చోబెడతాం. వీళ్లు తీగ మీద బట్టలు ఆరేసినట్టు గీతకు వేలాడదీస్తారు. అడ్డగీత లావు, నిలువుగీత సన్నం. ఒక అక్షరం ఇంకోదానికి తగలకూడదు. బడిలో నా దస్తూరీకి ప్రైజు వచ్చింది, ఇక్కడా నా చేతిని మెచ్చుకున్నారు. యూదులం కాము కాబట్టి మనం రాసింది బొమ్మే తప్ప మెజూజా కాదని మాస్టారు మొదటిరోజే చెప్పారు. దానికి నాకేం బాధ లేదు.

ఆయన తోరా, అంటే యూదుల పవిత్ర గ్రంథం, చేత్తో రాసే లేఖకుడు. ఒక్కో గ్రంథంలో 3,04,805 అక్షరాలు. దేవుడి నాలుగక్షరాల పేరు వచ్చిన ప్రతిసారీ, ఆ పేరు పవిత్రత కోసం రాస్తున్నానని పైకి అనుకుని మరీ రాస్తారట. సాధనలో మాత్రం ఆ పేరు వచ్చినచోట ఒక్క అక్షరం పెట్టి వదిలేయమన్నారు. కష్టం కాబట్టి వదిలేయమన్నారనుకున్నాను. అక్కడే నా తెలివి తెల్లారింది.

మా అమ్మ రామకోటి రాసింది. పుస్తకాలన్నీ భద్రాచలంలో ఇచ్చొచ్చాం. ఆ బుద్ధితో ఆదివారం రాత్రి సవ్తా పడుకున్నాక ఆ నాలుగక్షరాలను 108 సార్లు రాశాను. వంకర పోయినవి మూడు కొట్టేశాను, ఒకదాని మీద వైట్‌నర్ కూడా పూశాను. క్లాసులో అందరికంటే ముందు తీసి చూపించాను.

మాస్టారు అరవలేదు. అరిచినా బాగుండేది. కాగితం మీద అరచెయ్యి పెట్టి, చాలాసేపు కొట్టివేతల వైపే చూశారు. పక్క కుర్చీలో ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ పేరు చెరపకూడదట, చెత్తలో వెయ్యకూడదట, ఊరికే రాయనే కూడదట. నాకు ఒళ్లంతా చెమటలు. రామకోటి గురించి చెప్పబోయాను. నా హీబ్రూలో మందులూ, డైపర్లూ, సూపూ ఉన్నాయి, నామజపానికి మాట లేదు. తడబడుతూ మా అమ్మ సంగతి చెప్పాను. ఆయన మొత్తం విని ఒక్కటే అడిగారు:

"మీ అమ్మ రాసేటప్పుడు కొట్టేసేదా?"

లేదు. తప్పు పోతుందేమోనని ఒక్కో 'శ్రీరామ'కి ఊపిరి బిగబట్టేది. ఆ మాట చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది.

కాగితాన్ని ఆయన గుడ్డలో చుట్టి తీసుకున్నారు. పాత పవిత్ర గ్రంథాలు దాచే గెనీజాలో వేస్తారట. వచ్చే వారానికి నాకు హోంవర్క్ ఒక్క దాలెత్ అక్షరం. దాని మూల సరిగ్గా తేలకపోతే రేష్ అనే ఇంకో అక్షరం అయిపోతుంది, అప్పుడు మెజూజాలోని 'దేవుడొక్కడే' అనే వాక్యంలో 'ఒక్కడు' కాస్తా 'వేరొకడు' అవుతాడు.

రాత్రి అమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాను. "మరి ఆ కాగితం ఏ గుళ్లో ఇస్తారు?" అంది.

"నిండాక శ్మశానంలో పాతిపెడతారంట అమ్మా."

"దేవుడి పేరు శ్మశానంలోనా! మీ సారుకు బుద్ధుందా?" అని ఫోన్ పెట్టేసింది.