ప్రకటనలో లేని దావా

బ్యాంకు వేలంలో ఇల్లు చవగ్గా దొరికిందని బంధువులందరికీ నేనే ఫోన్లు చేసి చెప్పుకున్నాను. రిజర్వు ధర 42 లక్షలు, నా పాట 44.60 లక్షలు. పాట దక్కిన మర్నాటికల్లా నాలుగో వంతు, ఖరారైన 15 రోజుల్లో మిగతాది కట్టాలి. కట్టలేకపోతే అప్పటిదాకా కట్టినది జప్తు. ఆ భయంతో డబ్బు వెంట పరుగెత్తానే గానీ కాగితాల జోలికి పోలేదు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఒక్కటే తీశాను, శుభ్రంగా ఉంది. ఉండదా మరి! ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు. కోర్టులో నలుగుతున్న దావా మామూలుగా అందులోకి ఎక్కదు.

సేల్ సర్టిఫికెట్ చేతికొచ్చాక ఇల్లు కడిగించడానికి వెళ్తే, గేటు దగ్గర ఒక పెద్దావిడ ప్లాస్టిక్ సంచితో నిలబడి ఉన్నారు. "బాబూ, నీ మీద నాకు కోపం లేదు. ఇది మా నాన్న కట్టిన ఇల్లు. ఇందులో సగం నాది" అన్నారు. తమ్ముడు మొత్తం తనదేనని చూపి తాకట్టు పెట్టాడట. సంచిలో ఆవిడ వేసిన భాగపంపకాల దావా కాగితాలున్నాయి.

వాటి నకళ్లు తీసుకుని వకీలు దగ్గరకు వెళ్లాను. నేను తమ్ముడి మోసం గురించి చెప్పుకుపోతుంటే ఆయన వినడం లేదు, ప్రతివాదుల జాబితా చూస్తున్నారు. ఆయన వేలు రెండో పేరు మీద ఆగింది. ఆ రెండో ప్రతివాది బ్యాంకే! మరో వారానికి కోర్టు నుంచి బ్యాంకు వేసిన జవాబు దావా (దావాకు ప్రతివాది ఇచ్చే రాతపూర్వక సమాధానం) నకలు తెప్పించారు. శాఖ ముద్ర కింద ఉన్న తేదీ వేలం ప్రకటనకు అయిదు నెలల ముందుది. ప్రకటనలో మాత్రం 'బ్యాంకుకు తెలిసిన భారాలు', అంటే ఆస్తి మీద ఇతరులకున్న హక్కులు, బాకీల్లాంటివి, అన్న చోట 'లేవు' అని ఉంది.

మా కేసంతా ఈ రెండు కాగితాలే. బాకీ రాబట్టుకోవడానికి తాకట్టు ఆస్తిని కోర్టుకు వెళ్లకుండానే అమ్ముకునే వీలు బ్యాంకులకిచ్చేది సర్ఫేసీ చట్టం. దాని కింద 2002లో చేసిన నిబంధనల్లో 8(6) ప్రకారం, తెలిసిన భారాలతోపాటు ఆస్తి స్వభావాన్నీ విలువనూ బేరీజు వేసుకోవడానికి కొనుగోలుదారుకు అవసరమైన విషయాలు కూడా ప్రకటనలో ఉండాలి. మా నోటీసుకు బ్యాంకు ఇచ్చిన జవాబు ఒక్కటే: 'ఉన్నది ఉన్నట్టుగా' అమ్మాం. తనకు తెలియని లోపానికి ఆ మాట అడ్డుపెట్టుకోవచ్చునేమో గానీ, తెలిసి దాచినదానికి ఎలా కుదురుతుంది? హరియాణా ఫైనాన్షియల్ కార్పొరేషన్ ఒక యూనిట్‌కు దారి లేదన్న సంగతి చెప్పకుండా అమ్మజూపితే, కొనుగోలుదారు కట్టిన సొమ్మును జప్తు చేయడం చెల్లదని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది.

ఎక్కడికి వెళ్లాలన్నది ఇంకో చిక్కు. ఈ చట్టం కింద బ్యాంకు తీసుకున్న చర్యల మీద సెక్షన్ 34 సివిల్ కోర్టు తలుపు మూసేస్తుంది. రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు సెక్షన్ 17 కింద వెళ్లాలంటే 45 రోజుల గడువు. మాది ప్రభుత్వ రంగ బ్యాంకు కావడంతో వకీలు హైకోర్టులో రిట్ వేశారు. ట్రిబ్యునల్‌కే పొమ్మంటారేమోనని వాయిదా వాయిదాకూ గుండె దడే. చివరికి ఆ జవాబు దావా నకలు చూపించాక బ్యాంకు వకీలు గడువు అడిగి, తర్వాతి వాయిదాకు డబ్బు వెనక్కి ఇస్తామన్నారు. అసలు, కొంత వడ్డీ వచ్చాయి. స్టాంపు ఖర్చు, పధ్నాలుగు నెలలు పోయాయి.

మొన్న పేపర్లో అదే ఇంటి వేలం ప్రకటన మళ్లీ కనిపించింది. రిజర్వు ధర తగ్గింది. భారాల దగ్గర ఈసారి పెద్దావిడ దావా నంబరు ఉంది.