అడుసు తొక్కడానికే వెళ్లాం

"పాత బూట్లుంటే అవే వేసుకురా మావయ్యా" అని మా మేనకోడలు ముందురోజే ఫోన్లో చెప్పింది. ఆఫీసు పని మీద వారం రోజులకని బ్రస్సెల్స్ వెళ్లినవాడి దగ్గర పాత బూట్లెందుకుంటాయి? ఉన్న ఒక్క నల్లబూట్లే వేసుకుని ఫిబ్రవరిలో ఓ ఆదివారం పొద్దున ఎటర్‌బేక్ స్టేషన్లో దిగాను. అది నా కాళ్ల వంక చూసి నవ్వి ఊరుకుంది.

అది చదివేది వి.యు.బి.లో, అంటే అక్కడి డచ్చి భాష యూనివర్సిటీలో. 1834లో పెట్టిన బ్రస్సెల్స్ యూనివర్సిటీ భాష దగ్గర తేడాలొచ్చి 1969-70లో ఫ్రెంచివాళ్లది ఒకటి, డచ్చివాళ్లది ఒకటిగా విడిపోయింది. విడిపోయినా, ఒకప్పుడు సైన్యం కవాతులు చేసిన ఈ మైదానంలో మాత్రం ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నారు. ఏటా ఇక్కడ జరిగే సైక్లోక్రాస్ పందేనికి, అంటే బురదలో సైకిళ్ల పందేనికి, పేరు కూడా 'బ్రస్సెల్స్ యూనివర్సిటీస్' అని బహువచనంలోనే పెట్టుకున్నారు. పంపకాల సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కాబట్టి ఆ బహువచనం నాకు ముచ్చటేసింది.

క్యాంపస్‌లో రెక్టరు ఆఫీసు గుడ్డు ఆకారంలో ఉంటుంది. రెనాట్ బ్రామ్ అనే ఆర్కిటెక్ట్ కట్టిన భవనం. మామూలు రోజైతే దాన్నే చూసేవాణ్ణి. ఆరోజు దాని చుట్టుపక్కల పచ్చిక మీదంతా కొయ్యగూటాలు పాతి, రిబ్బన్లు కట్టి, దారిని పాములా మెలికలు తిప్పి వదిలారు.

సైక్లోక్రాస్ అంటే నాకు తెలిసింది అంతకుముందు రాత్రి మా పిల్ల చెప్పిందే. రెండున్నర నుంచి మూడున్నర కిలోమీటర్ల చుట్టు. గడ్డి, బురద, ఇసుక, మెట్లు, ఏదైనా ఉండొచ్చు. మధ్యలో 40 సెంటీమీటర్ల ఎత్తున చెక్కలు అడ్డం పెడతారు, వాటిని దిగి దాటతావో సైకిలుతో సహా ఎగురుతావో నీ ఇష్టం. ఆడవాళ్ల పందెం యాభై నిమిషాలు, మగవాళ్లది గంట. చలికాలమంతా బెల్జియంలో ఇదే గోల. ఈ పందెం ఎక్స్2ఓ ట్రోఫీ అనే వరసలో ఆఖరిది. నవంబర్ 1న కోపెన్‌బర్గ్ అనే రాళ్లదారి కొండ మీద మొదలయ్యే వరస అది. అందులో పాయింట్లు లెక్కపెట్టరు, అన్ని పందేల్లో పట్టిన టైము కలుపుతారు. అందుకని ముందే ఓడిపోయానని తెలిసినవాడు కూడా చివరిదాకా సెకన్ల కోసం తొక్కుతూనే ఉంటాడు.

ఆడవాళ్ల పందెం మొదలయ్యేసరికి సన్నగా జల్లు. మొదటి చుట్టులో పచ్చగా ఉన్న గట్టు మూడో చుట్టుకల్లా మా ఊళ్లో దమ్ము చేసిన మడిలా తయారైంది. మాది అమలాపురం దగ్గర. బురద విషయంలో నాకు ఎవరి దగ్గరా పాఠాలక్కర్లేదనుకుంటూ రెండడుగులు ముందుకేశాను. రెండో అడుగు కుడి బూటు లేకుండా పడింది. వెనక మడతకుర్చీలో కూర్చున్న పెద్దాయన, వయసు డెబ్బై దాటే ఉంటుంది, లేచి చేతికర్రతో నా బూటు పైకి లాగి ఇచ్చాడు. ఆయన కాళ్లకి మోకాళ్లదాకా రబ్బరు బూట్లు. వచ్చీరాని ఇంగ్లీషులో "ఇక్కడ కాదు, అక్కడ" అని చేయి పట్టుకుని పిట్ దగ్గరకి, అంటే పందెం మధ్యలో సైకిళ్లు మార్చుకునే చోటికి, తీసుకెళ్లాడు.

ఆయన పుణ్యమా అని అసలు పందెం అక్కడ చూశాను. ప్రతివాడికీ రెండో మూడో సైకిళ్లుంటాయి. ఒకటి వాడి కింద, ఇంకోటి పిట్‌లో. బురద పట్టిన సైకిలుతో దూసుకొచ్చి, దాన్ని అలాగే ఒకడి చేతుల్లోకి వదిలేసి, నాలుగడుగులు పరిగెత్తి ఇంకొకడు పట్టుకున్న శుభ్రమైన సైకిలెక్కి పోతాడు. ఆగడమన్నది లేదు. ఇక వదిలేసిన సైకిలు పని చూడాలి. మా ఎదురుగా ఉన్న కుర్రాడు దాన్ని తిరగేసి, చక్రాల మధ్య ఇరుక్కున్న గడ్డీ మట్టీ వేళ్లతో పీకి, ప్రెషర్ వాషర్‌తో కొట్టి, గొలుసు తుడిచి నూనె చుక్కలేసి, సీటు పట్టుకుని మళ్లీ వరసలో నిలబడ్డాడు. అప్పటికి వాళ్లవాడు మలుపు తిరుగుతూనే ఉన్నాడు. వాడు దిగడం, ఇది కడగడం. గంటసేపు అదే పని.

అడుసు తొక్కనేల కాలు కడగనేల అని మా అమ్మ రోజుకోసారైనా అనేది. ఆ కుర్రాడికి డచ్చిలో ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

నాకు గుర్తొచ్చింది వేరే. వానాకాలంలో హైస్కూలుకి పుంతదారిన వెళ్తుంటే మడ్‌గార్డులో జిగట మట్టి బిగుసుకుపోయి చక్రం తిరిగేది కాదు. పుల్ల విరిచి గీకడం, పది గజాలు నడిపించడం, మళ్లీ గీకడం. చివరికి విసిగి సైకిల్ని భుజానికెత్తుకోవడం. సైకిలు మనల్ని మోయాలి గానీ మనం దాన్ని మోయడమేంటని ఏడుపొచ్చేది. ఇక్కడ గట్టు కిందకొచ్చేసరికి ప్రపంచస్థాయి ఆటగాళ్లు కూడా అచ్చంగా అదే చేస్తున్నారు. ఫ్రేములోంచి చెయ్యి దూర్చి, సైకిలు భుజాన వేసుకుని, ముళ్లబూట్లతో పైకి పరుగు. మడ్‌గార్డులు మాత్రం లేవు. టైర్ల వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదట. కారు టైరులో మనం ముప్పై పెట్టించుకుంటే వీళ్లు బురదలో ఇరవై అటూ ఇటూగానే గాలి పెడతారు, నేలకి అతుక్కోవాలని. అంత తక్కువ గాలికి టైరు ఊడిపోకుండా చాలామంది దాన్ని రిమ్ముకి జిగురుతో అంటిస్తారని పెద్దాయన నొక్కి చూపిస్తూ చెప్పాడు.

మధ్యలో తిండి. అక్కడ 'ఫ్రెంచ్ ఫ్రైస్' అంటే మొహం మాడ్చుకుంటారు, ఫ్రీట్ అనాలి. మయోనీస్‌తో తిన్నాను. కారం లేదు, అదొక్కటే లోటు.

మగవాళ్ల పందెం నేను నిజంగా చూసింది సగమే. పిట్ వదిలి కదల్లేదు. చివరి చుట్టులో జనం గంటలు వాయిస్తూ గీత వైపు పరిగెత్తారు, పెద్దాయన మాత్రం నాతోపాటే ఉండిపోయాడు. అందరికంటే వెనక ఒక కుర్రాడు వచ్చాడు. మొహంలో కళ్లు తప్ప ఏమీ కనపడటం లేదు. అప్పుడు కూడా పిట్‌లోకి తిరిగి సైకిలు మార్చుకున్నాడు. ఇంకో సగం చుట్టే మిగిలింది, ఎందుకు మార్చాడని మా పిల్లని అడిగాను.

"టైములు కలుపుతారని చెప్పానుగా మావయ్యా."

హాస్టలుకెళ్లాక బూట్లు గది బయటే విప్పించింది. పాత టూత్‌బ్రష్షూ బకెట్టూ ఇచ్చి బాల్కనీ చూపించింది. అరగంట తోమినా కుట్లలోది పోలేదు. బుధవారం విమానాశ్రయంలో బూట్లు ట్రేలో పెడితే ఎండిన మట్టి పెళ్లలుగా రాలింది. సెక్యూరిటీ అతను ట్రే వైపు చూసి, నా మొహం చూసి, "క్రాస్?" అన్నాడు.

అవునన్నాను. ట్రే దులిపి ఇచ్చాడు.