గొంగడి అతుకు

శనివారం. మెట్టుగడ్డ, మహబూబ్‌నగర్.

ఫ్రీజర్‌లోంచి తీసిన ఎలుగుబంటి బొమ్మ సంచిని ఈ ఉదయం విప్పాను. నిన్నంతా దాని మూతి కట్టే ఉంచాను. చల్లగా ఉన్న వస్తువును వెంటనే గాలికి తెరిస్తే దానిమీద చెమ్మ పడుతుంది. ఈ బొమ్మ తలలోనూ పొట్టలోనూ కూరింది సన్నటి పోగులుగా చివ్విన చెక్క తురుము. దానికి తడి తగిలితే ఉబ్బుతుంది, కుళ్లుతుంది, పైన ఉన్న నూలు బట్టను కూడా పాడుచేస్తుంది. అందుకే సంచి బయటి చెమ్మ పూర్తిగా ఆరి, లోపలి బొమ్మ గది వేడికి వచ్చేదాకా కత్తెర ముట్టుకోలేదు.

మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచితే బట్టల చిమ్మెట పురుగులూ వాటి గుడ్లూ చస్తాయి. మ్యూజియంలలో ఉన్ని వస్తువులకు పాటించే పద్ధతి ఇదే. మందు అక్కరలేదు, వాసన ఉండదు. నాఫ్తలీన్ ఉండలు మాత్రం నా గదిలోకి రానివ్వను. ఆ గాలి పీల్చేవాళ్లకు మంచిది కాదు. ఆ వాసన బొచ్చులోకి దిగితే ఏళ్ల తరబడి వదలదు.

ఈ బొమ్మ మా పక్క వీధిలో ఉండే రిటైర్డ్ టీచరమ్మది. వారి అమ్మగారు ఈ జిల్లాలోనే ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సు. అక్కడి డాక్టరు కుటుంబం అమెరికాకు తిరిగి వెళ్తూ, సామాను సర్దుకునేటప్పుడు దీన్ని ఆమె చేతిలో పెట్టి వెళ్లిందట. టీచరమ్మకు అప్పటికి నడక కూడా రాలేదు. తర్వాత ఆమె, ఆమె చెల్లెళ్లు, ఆమె కొడుకు, అందరూ దీన్ని చంకన పెట్టుకుని తిరిగినవారే. ముక్కు మీద బొచ్చు లేదు, పొట్ట మీద లేదు. ఎడమ చెవి సగం ఊడి వేలాడుతోంది, ఎడమ కాలు వదులైంది. కుడి కన్ను గాజుది, ఎడమ కన్ను చొక్కా గుండీ. కుడి అరచేతికి అసలు ఉండవలసిన ఫెల్టు బట్ట పోయి, ఆ చోట నల్ల గొంగడి ముక్క ఉంది.

తెల్ల కాగితం పరిచి, బొమ్మను దానిమీద పడుకోబెట్టి, మెత్తటి బ్రష్షుతో బొచ్చు వాలుకు దులిపాను. రాలిన పొడిని భూతద్దం కింద చూడకుండా ఎప్పుడూ పారేయను. చిమ్మెట పిల్లపురుగు ఏ ఉన్ని తింటే దాని రెట్ట దాదాపు ఆ రంగులోనే ఉంటుంది. కాగితం మీద గసగసాల కన్నా చిన్న గింజలు కనిపించాయి. వాటిలో ఎక్కువ నల్లవి, తేనె రంగువి కొన్నే. అంటే పురుగు ముందుగా పట్టింది ఎలుగుబంటి బొచ్చుకు కాదు, గొంగడి అతుకుకు. బొమ్మ బొచ్చు అంగోరా మేకది, గొంగడి మన నల్ల గొర్రెది. చిమ్మెటకు రెండూ తిండే. అయితే చెమట, జిడ్డు పట్టిన ఉన్ని మీద దానికి మరింత ఇష్టం. గొంగడి ఉన్నిలో గొర్రె ఒంటి జిడ్డు కొంత మిగిలే ఉంటుంది, పైగా ఇది అరచేయి. ఇంటిల్లిపాదీ పట్టుకున్న చోటు.

పదిన్నరకు టీచరమ్మ కొడుకు హైదరాబాదు నుంచి ఫోను చేశాడు. "అక్కా, ఆ నల్ల ముక్క తీసేయండి. మంచి ఫెల్టు వేసి, రెండు కళ్లూ కొత్తవి పెట్టండి. మా పాప పుట్టినరోజుకు ఇస్తాను. ఖర్చుకు వెనకాడకండి" అన్నాడు. ప్రేమతోనే అడిగాడు. పురుగు పట్టింది ఆ ముక్కకే కాబట్టి అతని మాటలో న్యాయం కూడా ఉంది. అమ్మగారితో మాట్లాడి చెబుతానన్నాను.

మా ఇంట్లో తాత నాటినుంచి రఫ్ఫు పని. కోట్లు, షేర్వానీలు, నారాయణపేట చీరలు, గద్వాల చీరల జరీ అంచులు చూస్తూ పెరిగాను. రఫ్ఫులో గొప్పతనమంతా కనబడకపోవడంలోనే ఉందని నాన్న చెప్పేవాడు. చిరుగు ఎక్కడుందో చీర యజమానురాలే వెతుక్కోవాలి. బొమ్మల పనిలోకి వచ్చాక నేను ఆ మాటలో సగమే నిలుపుకున్నాను. నా కుట్టు కనబడకూడదు. నాకంటే ముందు దాన్ని బాగుచేసినవారి కుట్టు మాత్రం కనబడాలి. పాత బొమ్మను కొత్తదిగా మార్చి ఇస్తే నాకు డబ్బు ఎక్కువే వస్తుంది, కానీ వారు తెచ్చిన బొమ్మ వారికి తిరిగి చేరదు.

అందుకే తీయాలా ఉంచాలా అని తేల్చుకునే ముందు ఆ అతుకును భూతద్దం కింద పెట్టి అంచు వెంట చూస్తూ పోయాను. చూసేకొద్దీ నా చేతులు నెమ్మదించాయి. మామూలుగా అతుకు వేసేవారు ఒకే దారంతో చుట్టూ కుట్టుకుంటూ వచ్చి చివర ముడి వేస్తారు. ఇక్కడ ప్రతి కుట్టూ విడిగా ఉంది. ఒక కుట్టు, ఒక ముడి, దారం తెంపు. మళ్లీ కొంచెం ఎడంగా ఇంకో కుట్టు, ఇంకో ముడి. ముడులన్నీ ఒకే పక్కకు, ఒకే వరసలో ఉన్నాయి. ఇది దర్జీ కుట్టు కాదు. ఆసుపత్రిలో గాయానికి వేసే కుట్టు. ఒకటి తెగినా మిగతావి వదులు కాకుండా ఉండడానికి అలా వేస్తారు. ఇక్కడ సరిగ్గా అదే జరిగింది. పురుగు తినేయడంతో కొన్నిచోట్ల ఉన్ని పోయి కుట్లు ఊడాయి, అయినా అతుకు జారిపోలేదు. కుట్టింది నర్సమ్మే అయి ఉండాలి.

ఇక తీసే ప్రశ్న లేదు.

మధ్యాహ్నం శుభ్రం చేసే పనిలో పడ్డాను. వాక్యూం గొట్టానికి పలచటి మల్లుబట్ట కట్టి, గాలి బాగా తగ్గించి, బొచ్చుకు తగలకుండా పైపైన తిప్పాను. దొంగనోట్లు పట్టుకునే నీలి లైటు వేసి చూస్తే పొట్ట భాగం తెల్లగా, నీలంగా మెరిసింది. ఎప్పుడో ఎవరో బట్టల పొడితో రుద్దారన్నమాట. ఆ పొడుల్లో మెరుపు కోసం కలిపే రసాయనం ఇలా పట్టి ఇస్తుంది. అక్కడే బొచ్చు అట్టకట్టి ఉంది. మెత్తటి సబ్బును డిస్టిల్డ్ నీళ్లలో కొద్దిగా వేసి గిలకొట్టి, నీళ్లు వదిలేసి నురగ మాత్రమే తీసుకున్నాను. నురగతో రుద్ది, తడి పిండేసిన గుడ్డతో ఎత్తేయాలి. బొచ్చు కొసలకు తడి తగలాలి కానీ వెనుక నూలు బట్టకు దిగకూడదు. ముందుగా చంక కింద, ఎవరికీ కనబడని చోట చేసి రంగు దిగడం లేదని చూసుకున్నాను. ఎండలో పెట్టలేదు, వేడిగాలి కొట్టలేదు. ఫ్యాన్ కింద నీడలోనే ఆరింది. గోధుమరంగు అనుకున్న బొమ్మ అసలు రంగు పండిన తేనెరంగు. మెడ మడతలో, చేతుల కింద ఆ రంగు ఇంకా నిండుగా ఉంది.

ఊడిన ఎడమ చెవిని కుట్టే ముందు దాని మొదట్లో రంధ్రం ఏదైనా ఉందేమోనని వెతికాను. జర్మనీలోని గీంగెన్ ఊరి స్టైఫ్ కంపెనీ 1904 నుంచి తమ బొమ్మల ఎడమ చెవికి లోహపు గుండీ కొట్టేది. గుండీ పోయినా చాలాసార్లు దాని గుర్తు మిగులుతుంది. ఇక్కడ లేదు. లేబుల్ కూడా లేదు. కంపెనీ ఏదో చెప్పడానికి ఆధారం లేనప్పుడు ఊహించి పేరు పెట్టడం నాకు ఇష్టం లేదు. ధర పెరగడానికి అలా చేసేవారున్నారు.

స్టైఫ్ పేరు వచ్చినప్పుడల్లా నా బల్లమీది సూదుల దిండును ఒకసారి చూస్తాను. చిన్నప్పుడే పోలియో సోకి చక్రాల కుర్చీలోనే బతికిన మార్గరెటే స్టైఫ్ 1880లో ఫెల్టుతో చిన్న ఏనుగును కుట్టింది, సూదులు గుచ్చుకోవడానికి. పిల్లలు దాన్ని ఆటబొమ్మ చేసుకున్నారు. ఆమె తమ్ముడి కొడుకు రిచర్డ్ కాళ్లూ చేతులూ తిరిగే ఎలుగుబంటిని తయారుచేస్తే, 1903 లైప్‌జిగ్ సంతలో ఒక అమెరికా వ్యాపారి 3,000 బొమ్మలకు ఆర్డరు ఇచ్చాడు. దాదాపు అదే సమయంలో న్యూయార్క్‌లో మోరిస్ మిచ్‌టమ్ అనే దుకాణదారుడి ఇంట్లోనూ ఎలుగుబంటి తయారైంది. 1902 నవంబరులో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీలో వేటకు వెళ్లి, చెట్టుకు కట్టేసిన ఎలుగుబంటిని కాల్చనన్నాడు. ఆ సంగతి మీద పత్రికలో కార్టూన్ వచ్చింది, 'టెడ్డీ' అన్న ఆయన ముద్దుపేరు బొమ్మకు వచ్చింది. ఈ కథల్లో నాకు దగ్గరైనది వేట కథ కాదు, కుర్చీలో కూర్చుని సూదుల దిండు కుట్టుకున్న ఆ మనిషి కథ.

మూడు గంటలప్పుడు గొంగళ్ల తాత మా వీధిలోకి వచ్చాడు. భుజం మీద రెండు నల్ల గొంగళ్లు. లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చి, బొమ్మ చేయి చూపించాను. పెద్దగా ఆశ్చర్యపోలేదు. బొటనవేలితో ఉన్నిని ఒకసారి నిమిరి, "ఇది గొర్రెపిల్ల తొలి కత్తిరింపు బిడ్డా, పెద్ద గొర్రె ఉన్ని ఇంత మెత్తగా ఉండదు" అన్నాడు. రంగు వేసింది కాదని, గొర్రె నలుపేనని, ఎండ తగిలిన చోట ఎర్రబారిందని, అంచు మడిచిన చోట చూడమని చెప్పాడు. మడత కింద నిజంగానే కారునలుపు. చింతగింజల గంజి పెట్టి కుంచెతో దువ్విన పడుగు ఇలాగే బిగువుగా నిలుస్తుందట. పురుగు సంగతి అడిగాను. "రోజూ కప్పుకునే గొంగడికి పురుగు పట్టదు. పెట్టెలో పెట్టి మరిచిపోయినదానికే పడుతుంది" అన్నాడు. చిమ్మెటకు వెలుతురూ కదలికా గిట్టవు కాబట్టి ఆయన మాట అక్షరాలా నిజం. వేపాకు వేసినా పెట్టెలో ఉన్న గుడ్లు చావవు.

కొంచెం నల్ల ఉన్ని దారం ఇస్తానన్నాడు. వద్దన్నాను, కొత్త ఉన్ని అంటే కొత్త తిండి. అతుకు వెనుక నల్లరంగు వేసి బాగా ఉతికిన నూలు చేనేత ముక్కను దూర్చాను. పైన, ఉన్నదా లేదా అనిపించేంత సన్నటి నల్ల నెట్టు పరిచి చుట్టూ పట్టించాను. రంధ్రాలు పూడ్చలేదు. నర్సమ్మ వేసిన ముడి ఒక్కటి కూడా కదల్చలేదు. నా సూది ఆమె కుట్లకూ కుట్లకూ మధ్య ఖాళీల్లోంచే వెళ్లింది. దారం కూడా పాత బట్ట కన్నా బలహీనమైనదే తీసుకున్నాను. రేపు ఎవరైనా గట్టిగా లాగితే నా దారం తెగాలి, బట్ట చిరగకూడదు. మెడ దగ్గర చిరుగుకూ అంతే, లోపల నూలు ముక్క వేసి వంకర సూదితో మూశాను. అతుకు బట్టకు పాతరంగు రావాలని టీ నీళ్లలో ముంచమని చాలామంది చెబుతారు. టీలో ఆమ్లం ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ నూలును తినేస్తుంది. నేను ముంచను.

సాయంత్రం టీచరమ్మ వచ్చారు. ముందుగా ఏమీ చెప్పకుండా భూతద్దం ఆమె చేతికిచ్చి ముడులు చూపించాను. చాలాసేపు చూశారు.

"అమ్మ మా మోకాళ్లకు కూడా ఇలాగే కుట్లు వేసేది" అన్నారు. తర్వాత చెప్పారు. వాళ్ల అమ్మగారిది గొర్రెలు కాసే ఇల్లు. నర్సు చదువుకు బయల్దేరిన రోజు తండ్రి తన మందలోని పిల్ల ఉన్నితో నేయించిన గొంగడి ఇచ్చి పంపాడట. హాస్టల్లో అదే పరుపు, అదే దుప్పటి. అది పాతబడి చిరిగిపోయాక మిగిలిన మంచి ముక్క ఇదొక్కటే. "చెల్లెలు బొమ్మ చేతిని కొరికి కొరికి చింపేసి ఏడిస్తే, అమ్మ డ్యూటీ నుంచి వచ్చి చీర కూడా మార్చుకోకుండా కూర్చుని కుట్టింది. గొంగడి కత్తిరించినందుకు తాత కోప్పడతాడేమోనని మేం భయపడ్డాం. ఆయన బొమ్మను ఒళ్లో పెట్టుకుని, మా గొర్రె సీమ ఎలుగుబంటికి చేయి అయింది అన్నాడు."

కొడుకు అడిగింది ఆమెకు చెప్పాను. "వాడికి ఇది తెలియదు బిడ్డా, నేనే ఎప్పుడూ చెప్పలేదు. ఈ రాత్రికి చెబుతాను" అన్నారు. చొక్కా గుండీ కన్ను కూడా అలాగే ఉండనివ్వమన్నారు. అది వాళ్ల నాన్నగారిదట.

మనవరాలు పట్టుకోవచ్చా అని అడిగారు. పట్టుకోవచ్చు, అయితే పెద్దవాళ్లు పక్కన ఉండగానే. గాజు కన్ను తీగ మీద నిలబడి ఉంది కాబట్టి నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఒంటరిగా ఇవ్వకూడదు. చేయి పట్టి ఎత్తకూడదు, రెండు చేతులతో అడుగునుంచి ఎత్తాలి. ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేయవద్దని, ఎండ నేరుగా పడని చోట నలుగురికీ కనబడేలా ఉంచమని, అప్పుడప్పుడు తీసి దులపమని చెప్పాను. కాగితం మీద నల్ల గింజలు మళ్లీ కనిపిస్తే వెంటనే నా దగ్గరికి తేవాలి.

ఎడమ కాలు మిగిలింది. తొడలో అట్టబిళ్ల మెత్తబడి, దాన్ని పట్టే చీలమేకు తుప్పు పట్టింది. తుప్పు బట్టకు అంటక ముందే మార్చాలి. పొట్ట వెనుక కుట్టు నాలుగు వేళ్లు దూరేంత విప్పితే చాలు. రేపు వెలుతురు బాగున్నప్పుడు విప్పుతాను.