పేరు వదిలిన నీళ్లు

ముండకోపనిషత్తులోని నదుల మంత్రం చాలామందికి నోటికి వచ్చిందే.

"యథా నద్యః స్యందమానాః సముద్రేఽస్తం గచ్ఛంతి నామరూపే విహాయ
తథా విద్వాన్ నామరూపాద్విముక్తః పరాత్పరం పురుషముపైతి దివ్యమ్"

పారే నదులు పేరూ రూపమూ విడిచి సముద్రంలో కలిసిపోయినట్టే, జ్ఞాని కూడా వాటిని విడిచి పరమపురుషుణ్ణి చేరతాడని భావం. ప్రవచనాల్లో దీన్ని ఎప్పుడూ ఆఖరి ఘడియకే అన్వయిస్తారు. బతుకంతా ఒక ఎత్తు, చివర్లో వచ్చే సముద్రం ఒక్కటీ ఒక ఎత్తు అన్నట్టు. మహారాష్ట్ర అంచున సిరొంచలో ఉండే నాబోటి తెలుగువాళ్లకు అది సగం అర్థమే అనిపిస్తుంది. సముద్రం మాకు ఎక్కడో దూరాన ఉంది. నది పేరు పోవడం మాత్రం ఊరి ముందరే జరుగుతుంది.

మా ప్రాణహిత ఇక్కడ గోదావరిలో కలుస్తుంది. అవతలి ఒడ్డున కాళేశ్వరం. ఈ ప్రాణహిత కూడా పుట్టుకతో ఆ పేరు పెట్టుకుని వచ్చింది కాదు. మధ్యప్రదేశ్‌లో ముల్తాయి వైపు పుట్టిన వార్ధా, సివనీ జిల్లాలో పుట్టిన వైన్‌గంగ తుమ్మిడిహెట్టి దగ్గర ఒకటైతేనే ప్రాణహిత. పెన్‌గంగ అంతకుముందే వార్ధాలో కలిసిపోయి ఉంటుంది. వార్ధా ఒడ్డున రుక్మిణి పుట్టిల్లని చెప్పుకునే కౌండిన్యపురం ఉంది. వైన్‌గంగ ఒడ్డున, మా గడ్చిరోలి జిల్లాలోనే, మార్కండా గుడి ఉంది. అంత ఘనత ఉన్న ఆ రెండు పేర్లూ తుమ్మిడిహెట్టి దాటితే వినబడవు. కొత్త పేరైనా ఎంతదూరం? 113 కిలోమీటర్లు. గోదావరి పరీవాహక ప్రాంతంలో మూడో వంతుకు పైగా ప్రాణహితదే. ఎండాకాలంలో గోదావరి పైన జాయక్‌వాడి, శ్రీరాంసాగర్‌లలో ఆగి ఆగి ఇక్కడికి చిక్కిపోయి వస్తుంది. ఎక్కువ నీళ్లు తెచ్చిన నది పేరు వదులుకుంటే, తక్కువ నీళ్లతో వచ్చిన నది పేరు నిలుస్తుంది. మనుషుల మధ్య అయితే పంచాయితీ పెట్టాల్సిన సంగతే. నీళ్లకు ఆ లెక్క పట్టినట్టు లేదు.

పెత్రమాస వస్తే నాకు ఈ సంగతి మరీ గుర్తుకొస్తుంది. మహాలయ పక్షం చివరి అమావాస్య అది. మరాఠీ పొరుగువాళ్లు సర్వపిత్రి అంటారు. మనవాళ్లలో చాలామంది ఇంటి దగ్గరే పెద్దల పేరు మీద బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తారు. కొందరు గంగకు, అంటే మా నదికే, పోయి తర్పణాలు విడుస్తారు. రేవులో పంతులు ముందు విస్తరిలో నల్ల నువ్వులు, పక్కన దర్భలు. కర్త ఉంగరపు వేలికి పవిత్రం. గోత్రం అడుగుతాడు, చెప్తారు. బాపు పేరు టక్కున వస్తుంది. తాత దగ్గర ఇంట్లో పిలిచే పేరా, కాగితాల్లో పేరా అని కొంచెం తడబాటు. ముత్తాత దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. "మేనత్తకు ఫోన్ చెయ్‌రా, ఆమెకు ఎరుకుంటది" అని వెనక నుంచి ఎవరో అంటారు. ఆమె అటు నుంచి గట్టిగా చెప్పిన పేరు స్పీకర్‌లో రేవంతా వినబడుతుంది. అప్పుడు గాని నువ్వుల నీళ్లు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి కిందికి జారవు.

శాస్త్రం కూడా అక్కడికే ఆగుతుంది. తండ్రి వసురూపుడు, తాత రుద్రరూపుడు, ముత్తాత ఆదిత్యరూపుడు. ఆ పైవాళ్లను పేరుతో పిలవరు. ఇంట్లో పెద్దాయన పోతే సపిండీకరణలో ఆయన పిండాన్ని మూడు ముక్కలు చేసి, ఆయన తండ్రి, తాత, ముత్తాతల పిండాల్లో కలుపుతారు. ఆ రోజుతో ఆయన ప్రేతత్వం పోయి పితృదేవతల వరసలో చేరతాడు. ఒకరు చేరితే ఒకరు జరగాలి కదా. అప్పటిదాకా ముత్తాతగా పేరు చెప్పించుకున్న ఆయనకు ఇక పేరుతో పిలుపు ఉండదు. అలా జరిగినవాళ్లను, నాలుగో తరం నుంచి ఆరో తరం దాకా, లేపభాగులు అంటారు. పిండాలు పెట్టాక చేతికి అంటుకున్న అన్నాన్ని దర్భలకు తుడుస్తారే, అది వాళ్ల వంతు.

ఈ ఏర్పాటు చేసినవాళ్ల నిబ్బరం నాకు ఎంతో నచ్చుతుంది. ఎప్పటికీ గుర్తుపెట్టుకుంటామని గొప్పలు పోలేదు. చేతికి అంటిన మెతుకంత చోటు ఉంచి, పేరును పోనిచ్చారు. మంత్రం చెప్పిన జ్ఞానికి నామరూపాలు ఒక్కసారిగా విడిపోతాయేమో. మిగతావాళ్లకు తరానికి కొంత చొప్పున, దారి మధ్యలోనే, ప్రాణహితకు జరిగినట్టు జరుగుతుంది.

ఆడవాళ్లకైతే బతికుండగానే. మంథని నుంచో మహదేవపూర్ నుంచో గంగ దాటి కోడలిగా వచ్చిన పిల్లకు ఇంటిపేరు మారిపోతుంది. ఆ మారిన ఇంటిపేరు కూడా మరాఠీ బడి రిజిస్టర్‌లో ముందు నుంచి వెనక్కి పోతుంది, ఎందుకంటే ఇక్కడ బిడ్డ పేరు, తండ్రి పేరు అయ్యాకే ఇంటిపేరు. 2024 మే 1 నుంచి పుట్టిన పిల్లలకు మహారాష్ట్రలో తండ్రి పేరుకు ముందు తల్లి పేరు కూడా రాయాలన్నారు. మంచి పని చేశారు. తర్పణంలో అమ్మ, బాపమ్మ, ఆమె అత్త అని వరస అడిగినప్పుడు మనం ఎంత తెల్లమొహం వేస్తామో రేవులో కూర్చున్న పంతులుకే తెలుసు.

కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. కాళేశ్వరుడంటే యముడు, ముక్తేశ్వరుడంటే శివుడు. ముందు యముడికి పూజ చేసి, తర్వాతే శివుడికి. మార్కండేయుడి కోసం యముణ్ణి వెనక్కి పంపిన శివుణ్ణి మార్కండాలో చూసి వచ్చిన వైన్‌గంగ నీళ్లకు, ఇక్కడ ఆ ఇద్దరూ ఒకే పీఠం మీద కనబడతారు. ఆ మధ్యలో నది రెండు పేర్లు మార్చుకుంటుంది.

పేరు వదిలితే ఇక పోయినట్టేనా అంటే పంచాంగం ఒప్పుకోదు. 2015 జులైలో గురుడు సింహరాశిలోకి వస్తే గోదావరికి పుష్కరాలు. 2022 ఏప్రిల్‌లో మీనంలోకి వస్తే ప్రాణహితకు. 2025 మేలో మిథునంలోకి వస్తే, కంటికి కనబడకుండా ఇక్కడే కలుస్తుందని నమ్మే అంతర్వాహిని సరస్వతికి. మూడుసార్లూ ఈ సంగమానికి జనం వచ్చి మునిగారు. తర్పణం చివర కూడా ఇలాంటి పిలుపే ఒకటుంది. నా అన్నవాళ్లు లేనివాళ్లు, గోత్రం తెలియనివాళ్లు, అందరికీ కలిపి "తే సర్వే తృప్తిమాయాంతు మయోత్సృష్టైః కుశోదకైః" అని నీళ్లు వదులుతారు. హడావుడిలో చాలామంది అప్పటికే లేచి బట్టలు పిండుకుంటుంటారు. నిజానికి కూర్చోవాల్సింది అక్కడే.

2027లో మళ్లీ గోదావరి వంతు. అప్పటికి మా ఇళ్లలో కొందరి తర్పణాల వరస మారి ఉంటుంది. అమ్మల పేర్లు ఎరుకున్న మేనత్తలు ఉన్నప్పుడే అడిగి ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకుంటే పంతులుకూ కొంచెం తెరిపి.