ఖురైష్ సూరాలో దీర్ఘాలు

సెలవు రోజు. పొద్దుటి నుంచి బట్టలు, వంట, సగం చదివి పక్కన పెట్టిన పేపరు. రాసుకోదగ్గది మగ్రిబ్ నమాజు తర్వాత పాప పాఠం ఒక్కటే. టీచరు ఆపా ఫోన్లో తజ్వీద్, అంటే ఖుర్ఆన్‌ని సరిగ్గా పలికే పద్ధతి, చెబుతారు. పాప చదువుతుంది, నేను పక్కన కూర్చుని వింటాను. ఈ వారం సూరా ఖురైష్. ఖుర్ఆన్‌లో 106వ అధ్యాయం, నాలుగే ఆయతులు (వాక్యాలు). "ఇది ఎప్పుడో వచ్చేసింది" అని పాప ధీమాగా మొదలుపెట్టింది. మొదటి ఆయతు చివర్లోనే ఆపా ఆపేశారు.

"లి ఈలాఫి ఖురేష్" అంది పాప.

"ఏ కాదు బేటా, అయ్. యా మీద జజ్మ్ ఉంది, దాని ముందు రా మీద జబర్ ఉంది. ఖు-రయ్-ష్." (యా, రా అక్షరాలు. జజ్మ్ అంటే అచ్చు లేదని చూపే గుర్తు. జబర్, జేర్, పేష్ అంటే అ, ఇ, ఉ గుర్తులు.)

పాపకి ఇది అన్యాయంగా తోచింది. తన క్లాసులో ఖురేషీ అనే అమ్మాయి ఉంది, అందరూ అలాగే పిలుస్తారు మరి. నిజానికి ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఈ ఏ, ఓలు నోటికి బాగా అలవాటు. తెలుగులోనూ అవి నిక్షేపంగా ఉన్నాయి. మామూలుగా చదివే హఫ్స్ అనే పఠన పద్ధతిలో మాత్రం వాటికి చోటు లేదు. ఒక్కచోట తప్ప: సూరా హూద్ 41వ ఆయతులో 'మజ్రేహా' అనే మాట. మొత్తం ఖుర్ఆన్‌లో హఫ్స్ పఠనానికి ఉన్న ఏకైక ఏ అది. జేర్‌ని ఎ లాగా, పేష్‌ని ఒ లాగా పలికే చదువుని మజ్‌హూల్ అంటారు. ఆపాకి ఆ మాట ఎత్తితేనే చిరాకు.

ఈ సూరాలో తమాషా ఏమిటంటే నాలుగు ఆయతుల చివరి మాటలోనూ ఇలాంటి అక్షరమే ఉంటుంది. ఖురైష్, సైఫ్, బైత్, ఖౌఫ్. జబర్ తర్వాత జజ్మ్‌తో వచ్చే యా, వావ్‌లని లీన్ అక్షరాలంటారు. పాప నాలుగింటినీ వరసగా ఖురేష్, సేఫ్, బేత్, ఖోఫ్ అనేసింది. నేను పలక మీద తెలుగులో ఐ, ఔ రాసి చూపించాను. వీటిని అయ్, అవ్ అని తీరిగ్గా పలికితే చాలు, పని అయిపోతుంది. మన వర్ణమాలలో చేతికందేలా ఉన్న అక్షరాలని వదిలేసి ఏ, ఓల వెంట పడతాం.

అసలు దీర్ఘాల దగ్గరికి వస్తే, మద్ (అచ్చుని సాగదీయడం) అక్షరాలు మూడే. జబర్ తర్వాత అలిఫ్, పేష్ తర్వాత వావ్, జేర్ తర్వాత యా. మామూలు మద్‌కి రెండు హర్కతులు. ఒక వేలు మడిచేంతో తెరిచేంతో సేపు ఒక హర్కత్. బడిలో లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు అని నేర్చుకున్నవాళ్లకి ఇందులో కొత్తేమీ లేదు. హ్రస్వం, దీర్ఘం తేడా మన చెవికి పుట్టుకతోనే తెలుసు. అందుకే తెలుగువాళ్లకి మద్ సాగదీయడం కష్టం కాదని, కొలత నిలబెట్టుకోవడమే కష్టమని నాకనిపిస్తుంది. రాగం అందుకోగానే రెండు కాస్తా మూడవుతుంది, పక్కనున్న హ్రస్వం కూడా సాగిపోతుంది. పాప నాలుగో ఆయతులో 'అత్అమహుమ్'ని 'అత్ఆమహుమ్' చేసింది. వినడానికి బాగానే ఉంది. లేని అలిఫ్ ఒకటి వచ్చి చేరింది, అంతే.

తర్వాత రాత సంగతి. మొదటి ఆయతులో 'ఈలాఫ్'కి యా అక్షరం రాసి ఉంటుంది. రెండో ఆయతు మొదట్లో అదే మాట మళ్లీ వస్తుంది, అక్కడ యా ఉండదు. మన దగ్గర అచ్చయ్యే ప్రతుల్లో ఖడీ జేర్ (నిలువు గీతలా రాసే ఈ గుర్తు) మాత్రమే ఉంటుంది. రెండూ 'ఈ' అనే, రెండు హర్కతులే. మూడో ఆయతులో దీనికి తలకిందులు. 'హాజా'లో చివరి అలిఫ్ కళ్ల ముందే ఉంటుంది, కానీ తర్వాతి మాటతో కలిపేటప్పుడు అది పలకదు: హాజల్ బైత్. కంటిని నమ్ముకుని చదివేవాళ్లు ఇక్కడ దొరికిపోతారు.

'షితాఇ'లో అలిఫ్ వెంటనే అదే మాటలో హంజా (గొంతులో ఆపి పలికే అక్షరం) ఉంది. కాబట్టి అది ముత్తసిల్ మద్, నాలుగు లేదా ఐదు హర్కతులు. 'అల్లజీ అత్అమహుమ్' దగ్గర హంజా తర్వాతి మాటలో ఉంది, అది మున్‌ఫసిల్. ఆపా రెండిటికీ నాలుగే చెప్పారు. నాలుగు మొదలుపెడితే ఆ కూర్చున్నంతసేపూ నాలుగే, ఇష్టం వచ్చినట్టు మార్చడం కుదరదు.

ఇవాళ్టి పాఠంలో ఎక్కువ సేపు పట్టింది 'ఆమనహుమ్' దగ్గర. పాప 'ఆ' పలుకుతుంటే గాలి ముక్కులోంచి పోతోంది. తర్వాత మీమ్ వస్తోందని నోరు ముందే సిద్ధమైపోతుంది. ఆపా ముక్కు మూసుకుని చదవమన్నారు. ముక్కు మూసినా 'ఆ' మారకపోతే గాలి నోట్లోంచి వస్తున్నట్టు, గొంతు బిగుసుకుంటే ముక్కులోంచి పోతున్నట్టు. పాప రెండు వేళ్లతో ముక్కు పట్టుకుని 'ఆ' అంటుంటే నవ్వాగలేదు, ఫోన్లో ఆపా కూడా నవ్వారు. కాసేపటికి 'ఆ' శుభ్రంగా వచ్చింది. అప్పుడు ఇంకోటి బయటపడింది: 'యఅబుదూ'లో ఊ పూర్తికాకముందే పెదాలు విడిపోతున్నాయి. రెండు హర్కతులు అయ్యేదాకా పెదాలు గుండ్రంగానే ఉండాలట. అద్దం తెచ్చుకుని చూసుకుంది.

పాప పడుకున్నాక హుస్రీ తిలావత్ (పఠనం) పెట్టుకుని ఇదే సూరా విన్నాను. మహమూద్ ఖలీల్ అల్ హుస్రీ ఈజిప్టు ఖారీ (ఖుర్ఆన్ పఠించేవారు), 1961లో మొత్తం ఖుర్ఆన్‌ని మురత్తల్ పద్ధతిలో, అంటే నిదానంగా స్పష్టంగా చదువుతూ, రికార్డు చేశారు. గొప్ప రాగాలేమీ ఉండవు. ప్రతి మద్ తన కొలతలో తను ఉంటుంది. మనసుని కరిగించే ఖారీలు ఎందరో ఉన్నారు గానీ, నేర్చుకునేవాళ్లకి నా ఓటు ఈయనకే.

వచ్చే వారం సూరా మాఊన్. అందులో 'యురాఊన్' ఉంది. రా దగ్గర నాలుగు సాగాలి, మళ్లీ చివర ఆగేటప్పుడు ఊ దగ్గర రెండు, నాలుగు లేదా ఆరు. "ఒకే మాటలో రెండుసార్లా?" అని పాప అప్పుడే గొణగడం మొదలుపెట్టింది.